లఫాయెట్ వీధిలో నాలుగు రోజులు

మొదటి రోజు, గురువారం

చికాగోలో మా అమ్మాయి ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరి యూనియన్ స్టేషనులో వుల్వరీన్ రైలెక్కాను. డెట్రాయిట్‌కు సుమారు ఐదున్నర గంటల ప్రయాణం. "అక్కడ నాలుగు రోజులు ఏం చూస్తావు నాన్నా? మ్యూజియం ఒక్క పూటలో అయిపోతుంది కదా" అని అమ్మాయి రెండుసార్లు అడిగింది. నేను వెళ్తున్నది మ్యూజియం కోసం కాదని, లఫాయెట్ అనే ఒక చిన్న హోటలు కోసమని చెప్పాను. హాట్‌డాగ్ అమ్మే హోటలు అనేసరికి ఇంకేమీ అనలేదు. ఎందుకో తనకు తెలుసు.

మా నాన్న గుంటూరు జిల్లాలో మా ఊరి రైల్వే గేటు పక్కన ముప్పై ఏళ్లు టిఫిన్ హోటలు నడిపారు. నాలుగు బల్లలు, ఒక పెనం, ఒక గల్లా పెట్టె, అంతే. గేటు పడితే బస్సులు, లారీలు ఆగేవి. ఆగినవాళ్లు దిగి రెండిడ్లీలు తిని, టీ తాగి ఎక్కేవాళ్లు. గేటు మీద వంతెన వచ్చిన రోజు నుంచి ఎవరూ ఆగలేదు. అయినా నాన్న మరో మూడేళ్లు రోజూ నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించారు. "ఒక్కడు వచ్చినా తలుపు మూసి ఉండకూడదురా" అనేవారు. ఊరి మధ్యలోంచి జనం మొత్తం వెళ్లిపోయినా దశాబ్దాల పాటు తలుపు మూయని కౌంటర్లు డెట్రాయిట్‌లో ఉన్నాయని చదివినప్పటి నుంచి వాటిని ఒకసారి చూడాలని నా కోరిక.

దారిలో కలమజూ, బ్యాటిల్ క్రీక్, జాక్సన్, యాన్ ఆర్బర్, డియర్‌బోర్న్. అక్టోబరు నెల కాబట్టి పట్టాలకు రెండు వైపులా చెట్లు ఎర్రబడి ఉన్నాయి. జాక్సన్‌లో రైలు ఆగినప్పుడు కిటికీలోంచి స్టేషను ఎదురుగా ఉన్న వీధిని తలతిప్పకుండా చూశాను. 1914లో ఇదే స్టేషను ముందు తొదోరోఫ్ అనే మాసిడోనియా వలసదారు కోనీ, అంటే పైన మాంసం చిల్లీ వేసిన హాట్‌డాగ్, అమ్మే దుకాణం తెరిచారని, డెట్రాయిట్ కంటే తామే ముందని జాక్సన్ వాళ్లు చెప్పుకుంటారు. రైలు రెండు నిమిషాల్లో కదిలిపోయింది.

డెట్రాయిట్ స్టేషను ఇంత పేరున్న నగరానికి చాలా చిన్నది. పెద్ద స్టేషను ఒకటి ఉంది. దాని సంగతి మూడో రోజున. బయటికి రాగానే వుడ్‌వర్డ్ అవెన్యూ, దాని మీద క్యూలైన్ అనే ట్రాము. 2017లో మొదలైంది, పొడవు 3.3 మైళ్లు, ఎక్కడానికి టికెట్ అక్కర్లేదు. పెట్టె పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. కళామందిరం, విశ్వవిద్యాలయం, హాకీ మైదానం, ఫాక్స్ థియేటర్, బేస్‌బాల్ మైదానం, అన్నీ వరుసగా కిటికీ పక్కనుంచి వెళ్లాయి. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఊరికి కొత్తా అని అడిగింది. ఎక్కడికని అడిగితే లఫాయెట్ అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. "అన్నీ వేయించుకోండి. ఉల్లిపాయ వద్దనకండి" అని దిగేటప్పుడు మళ్లీ గుర్తు చేసింది.

గదిలో పెట్టె పడేసి సాయంత్రం ఆరింటికి నడిచాను. క్యాంపస్ మార్షియస్ పార్కు దాటి మిషిగన్ అవెన్యూ మీద పడమటికి రెండు నిమిషాలు నడిస్తే, లఫాయెట్ వీధి వచ్చి ఆ రోడ్డును ఏటవాలుగా కలిసే చోట, కత్తిపీట మొనలాంటి మూల వస్తుంది. మొన మీద ఉన్నది అమెరికన్ కోనీ ఐలాండ్. దాని గోడకు గోడ ఆనించి ఉన్నది లఫాయెట్ కోనీ ఐలాండ్. ముందు రెండోదాని తలుపు తోశాను.

లోపల సన్నగా, పొడుగ్గా ఒకే గది. ఒక పక్క కౌంటరు, దాని ముందు గుండ్రటి స్టూళ్లు. మరో పక్క బల్లలు. తెల్లటి గోడలు, తెల్లటి వెలుతురు, అలంకారం అంటూ ఏమీ లేదు. వీధి వైపు అద్దం దగ్గరే పెనం. దాని మీద సాసేజ్‌లు వరుసగా దొర్లుతున్నాయి. పక్కన బన్నులు ఆవిరిలో మెత్తబడుతున్నాయి. ఆ ఆవిరికి అద్దం సగం మసకబారింది. వీధిలోంచి వచ్చేవాడికి మొదట కనిపించేది ఆ మసక వెనక కదిలే చేతులే.

స్టూలు మీద కూర్చునీ కూర్చోకముందే సర్వరు వచ్చి ఎన్ని అని అడిగాడు. రెండు, అన్నీ వేసి అన్నాను. అతను వెనక్కి తిరిగి కేక వేశాడు. కాగితం లేదు, కలం లేదు. అద్దం దగ్గరున్న వంటతను తల తిప్పకుండానే పని మొదలుపెట్టాడు. నేను చూస్తూ ఉన్నాను. ఎడమ చేతిలో బన్ను తెరుచుకుంది, సాసేజ్ పడింది. గరిటెతో చిల్లీ ఒక గీత. చెక్క పుల్లతో పసుపు రంగు మస్టర్డ్, అంటే ఆవ ముద్ద, ఒక గీత. పిడికెడు తెల్ల ఉల్లి తరుగు. పళ్లెం కౌంటరు మీదికి వచ్చింది. నేను జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకునేలోపే ఇదంతా అయిపోయింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ సాసేజ్‌లో సాధారణంగా గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ ఉంటాయి. పైన వేసే చిల్లీలోనూ గొడ్డు మాంసమే. పాత పద్ధతిలో అయితే అందులో గుండె మాంసం కూడా కలుపుతారు. మనవాళ్లలో చాలామంది తినరు కాబట్టి తెలిసి వెళ్లడం మంచిది. నేను తింటాను.

సాసేజ్‌కు పేగు తొడుగు ఉంటుంది. పంటి కింద అది టప్పుమని తెగుతుంది. ఆ చప్పుడు మన చెవికి మనకే వినిపిస్తుంది. దాని వెనకే రసం, ఆపైన చిల్లీ. ఈ చిల్లీలో గింజలు వేయరు. మాంసం పొడిపొడిగా కాకుండా మన పలచటి కైమా పులుసులా ఉంటుంది. జీలకర్ర, మిరప వాసన నాకు పరాయిగా అనిపించలేదు. మస్టర్డ్ పులుపు, పచ్చి ఉల్లి ఘాటు, ఆవిరికి దూదిలా అయిన బన్ను. మూడు నాలుగు కొరుకుల్లో ఒకటి అయిపోతుంది. రెండోది అందుకే.

తోడుగా వెర్నర్స్ తాగాను. ఎప్పటి నుంచో డెట్రాయిట్‌లో పేరున్న అల్లం సోడా. బుడగలు ముక్కుకెక్కి దగ్గు వస్తుంది. రెండు కోనీలు, ఒక సోడా, సర్వరుకు ఇచ్చింది కలిపి పదిహేను డాలర్లు దాటలేదు. ఇదే వీధికి అడ్డంగా ఉన్న పెద్ద హోటల్లో ఆ డబ్బుకు కాఫీ, ఒక రొట్టె ముక్క వస్తాయేమో.

నా కుడి పక్కన సూటు వేసుకున్న మనిషి, ఎడమ పక్కన నడుముకు తాళాల గుత్తి వేలాడుతున్న కాపలాదారు. ఇద్దరి ముందూ ఒకేలాంటి పళ్లెం. ఆ రాత్రి నిద్రపోయే ముందు నాకు గుర్తుకొచ్చింది ఈ ఒక్క దృశ్యమే.

రెండో రోజు, శుక్రవారం

పొద్దున పీపుల్ మూవర్ ఎక్కాను. 1987లో మొదలైన, స్తంభాల మీద నడిచే చిన్న రైలు, 2.9 మైళ్ల చుట్టు, 13 స్టేషన్లు. ఒక చుట్టు తిరిగితే డౌన్‌టౌన్ అంతా పైనుంచి కనిపిస్తుంది. నదికి అవతల కెనడా. డెట్రాయిట్ అంటేనే ఫ్రెంచి భాషలో జలసంధి. 1701లో ఇక్కడ కోట కట్టింది ఫ్రెంచివాళ్లే. మేడలు బాగున్నాయి, అంతకుమించి రాయడానికి నాకేమీ తోచలేదు. దిగి మళ్లీ ఆ మూలకే వెళ్లాను.

ఈ రెండు కొట్ల కథ తెలుసుకోకుండా తింటే సగమే తిన్నట్టు. గ్రీసు దేశంలో దారా అనే పల్లె నుంచి 1903లో కాన్‌స్టాంటీన్ కేరోస్ అనే కుర్రాడు అమెరికా వచ్చాడు. ఇక్కడివాళ్లు గస్ అన్నారు. బూట్లు తుడిచాడు, టోపీలు శుభ్రం చేశాడు, కూడబెట్టుకుని 1917లో అమెరికన్ కోనీ ఐలాండ్ తెరిచాడు. తమ్ముడిని కూడా రప్పించుకున్నాడు. తరవాత అన్నదమ్ములు విడిపోయారు. ఎందుకు విడిపోయారో ఇద్దరి వైపు వాళ్లూ రెండు రకాలుగా చెబుతారు. తమ్ముడు దూరం పోలేదు, పక్క గదిలోనే లఫాయెట్ పెట్టాడు. అమెరికన్ ఇప్పటికీ కేరోస్ కుటుంబం చేతిలోనే ఉంది. లఫాయెట్‌ను 1991లో అక్కడ పనిచేసేవాళ్లే కొనుక్కున్నారు. యజమానులుగా మారిన పనివాళ్లు తెరిచి ఉంచిన కొట్టు అది. అందుకే నా మనసు అటే మొగ్గింది, దాచుకోను.

కోనీ ఐలాండ్ అసలు న్యూయార్కులో సముద్రపు ఒడ్డు. సాసేజ్‌ను బన్నులో పెట్టి అమ్మడం అక్కడ పేరుకెక్కింది. న్యూయార్కు మీదుగా లోపలికి వచ్చిన గ్రీకులు, మాసిడోనియావాళ్లు ఆ పేరును మోసుకొచ్చి, తమ చేతి మసాలాతో చిల్లీ కలిపి మిషిగన్‌లో స్థిరపరిచారు. ఇప్పుడు డెట్రాయిట్ చుట్టుపక్కల కోనీ అంటే తినే వస్తువూ అదే, హోటలూ అదే. ప్రతి పేటలో ఒక కోనీ ఐలాండ్ ఉంటుంది. గుడ్లట్టు, గ్రీకు సలాడ్, సూపు అన్నీ దొరుకుతాయి. న్యూయార్కులో ఒడ్డున నిలబడి డెట్రాయిట్ కోనీ కావాలంటే వాళ్లకు అర్థం కాదు.

ఇదంతా సరైన కాలంలో జరిగింది. హెన్రీ ఫోర్డ్ రోజుకు ఐదు డాలర్ల కూలి ప్రకటించింది 1914 జనవరిలో. దేశం నలుమూలల నుంచి, సముద్రాల అవతల నుంచి మనుషులు వచ్చిపడ్డారు. షిఫ్టు దిగినవాడికి, ఎక్కబోయేవాడికి చేతిలో ఉన్నది కాసేపు సమయం, కాసిన్ని చిల్లర డబ్బులు. కూర్చోగానే పళ్లెం రావాలి, కడుపు నిండాలి, జేబు ఖాళీ కాకూడదు. మా రైల్వే గేటు లెక్క కూడా అదే. గేటు లేచేలోపు తినేసి వెళ్లగలిగే తిండి నాన్న వండేవారు. అందుకే ఆయన దోసె అడిగినవాడికి కూడా ముందు ఇడ్లీ ఇచ్చి కూర్చోబెట్టేవారు.

మధ్యాహ్నం అమెరికన్‌లోకి వెళ్లాను. ఇది పెద్దది. మూల మొత్తం అద్దాలు, ఎరుపు, తెలుపు, నీలం రంగులు, వెడల్పాటి బల్లలు, పొడుగాటి మెనూ. ఇక్కడ ఉల్లి తరుగు మరీ సన్నం, చిల్లీ కాస్త చిక్కన. ఒక కోనీ, ఒక లూజ్ బర్గర్ తిన్నాను. లూజ్ బర్గర్ అంటే వేయించి చిదిపిన మాంసాన్ని అదే పొడుగు బన్నులో నింపి పైన చిల్లీ, మస్టర్డ్, ఉల్లి వేస్తారు. బాగుంది. ఏది గొప్పదన్న వాదం ఈ ఊళ్లో ఇళ్లలో కూడా జరుగుతుందట. పక్క బల్ల దగ్గర భార్య ఇక్కడ కూర్చుంటే, భర్త పక్క కొట్లోంచి తెచ్చుకున్న పొట్లం కోటు జేబులో పెట్టుకుని వచ్చి ఆమె కోసం ఎదురు చూస్తూ బయట నిలబడ్డాడు. అరగంట తరవాత ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్లారు.

లఫాయెట్ పక్కనే, వీధి వెంట, కంచె వేసిన చిన్న తోట ఉంది. లఫాయెట్ గ్రీన్స్ అంటారు. ఇక్కడ లఫాయెట్ బిల్డింగ్ అనే పెద్ద కార్యాలయ భవనం ఉండేది. ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి చివరికి కూల్చేశారు. ఆ జాగాలోనే 2011లో ఈ తోట వేశారు. ఎత్తయిన మళ్లలో ఆకుకూరలు, చివరి టమాటాలు, తులసి జాతి మొక్కలు. బల్ల మీద కూర్చుని ఒకసారి చుట్టూ చూస్తే ఊరి కథ మొత్తం అక్కడే ఉంది. ఎదురుగా బుక్ కాడిలాక్ హోటలు. 1984లో మూతపడి, ఇరవై నాలుగేళ్లు పాడుబడి, 2008లో మళ్లీ తెరుచుకుంది. నా వెనక కూలిపోయిన భవనం జాగాలో కాయగూరలు. ఈ రెంటి మధ్య, ఒక్క రోజు కూడా పాడుబడకుండా, సాసేజ్‌లు కాలుతున్న రెండు గదులు.

మూడో రోజు, శనివారం

మా బాబాయి కొడుకు కాంటన్ నుంచి కారులో వచ్చాడు. డెట్రాయిట్‌కు పడమరగా ఉన్న కాంటన్, నోవై, ఉత్తరాన ట్రాయ్ వంటి ఊళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది కార్ల పరిశ్రమకు పనిచేసే ఇంజినీర్లు, కంప్యూటర్ ఉద్యోగులు. తమ్ముడు వచ్చి ఇరవై మూడేళ్లయింది. మరదలు కూడా వచ్చింది.

ముందు ఈస్టర్న్ మార్కెట్‌కు తీసుకెళ్లారు. శనివారం రైతులు వస్తారు. గుమ్మడికాయలు, ఆపిళ్లు, తేనె. మరదలు ఉల్లికాడలు, పచ్చిమిరపకాయలు కొంది. జనం విపరీతంగా ఉన్నారు, ఎక్కువసేపు నిలవలేదు.

తరవాత మిషిగన్ సెంట్రల్ స్టేషను. కోనీ కొట్లున్న మిషిగన్ అవెన్యూ మీదే పడమటికి ఒకటిన్నర మైలు దూరం. 1913లో తెరిచిన ఈ స్టేషను నుంచి 1988 జనవరి 5న చివరి రైలు వెళ్లింది. ఆ తరవాత ముప్పై ఏళ్లు దొంగలు రాగి తీగలు పీక్కుపోయారు, వానకు కప్పు కారింది, గోడల మీద రంగు రాతలు పడ్డాయి. ఊరు పాడైంది అని చూపించాలనుకున్న ప్రతి పత్రిక ఈ భవనం ఫొటోనే వేసేది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని బాగు చేసి, 2024 జూన్‌లో మళ్లీ తెరిచింది. నడిమి హాలు కప్పు చూస్తే మెడ నొప్పి పుట్టినా తల దించబుద్ధి కాదు. పలచటి మట్టి పెంకులు పేర్చిన వంపులు. కొన్ని చోట్ల ఆనాటి రంగు రాతలను చెరపకుండా అలాగే ఉంచారు. ఆ పని నాకు నచ్చింది. రైళ్లు మాత్రం ఇంకా రావు.

తమ్ముడు అక్కడ ఒక మాట అన్నాడు. "అన్నయ్యా, నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో మొదటి రోజే చెప్పారు, చీకటి పడ్డాక డౌన్‌టౌన్‌కు వెళ్లొద్దని. పదేళ్లు వెళ్లలేదు. పిల్లల్ని కూడా తీసుకురాలేదు." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో బాధ ఉంది. తప్పు అతనిది కాదు. లెక్కలు చూస్తే తెలుస్తుంది. 1950లో ఈ నగర జనాభా 18 లక్షల 49 వేలు. 2020లో 6 లక్షల 39 వేలు. ఫ్యాక్టరీలు ఊరు దాటి వెళ్లాయి. ఫ్రీవేలు వేసి నల్లజాతివారి బ్లాక్ బాటమ్, పారడైజ్ వ్యాలీ పేటలను నేలమట్టం చేశారు. ఆ రోడ్ల మీదే తెల్లవాళ్లు శివార్లకు తరలిపోయారు. 1967 జులైలో ఐదు రోజుల అల్లర్లలో 43 మంది చనిపోయారు. 2013 జులై 18న నగరమే దివాలా పిటిషను వేసింది. అప్పటికి వీధి దీపాల్లో సుమారు 40 శాతం వెలగడం లేదు.

ఆ చీకటి వీధుల్లో కూడా ఈ కౌంటర్ల దీపం వెలుగుతూనే ఉంది. పునరుజ్జీవం గురించి రాసేవాళ్లు ఎవరెవరు ఎన్ని మేడలు కొన్నారో, ఎన్ని కోట్లు పెట్టారో రాస్తారు. అది నిజమే, అవసరమే. కానీ కొనడానికి వచ్చినవాళ్లకు అక్కడ ఒక ఊరు మిగిలి ఉందని చూపించింది ఎవరు? రాత్రి రెండింటికి ఆసుపత్రి నుంచి వచ్చే నర్సుకు, డ్యూటీ దిగిన పోలీసుకు, మిషిగన్, ట్రంబుల్ వీధుల మూల మీద ఉన్న పాత స్టేడియంలో 1999 వరకు ఆట చూసి నడిచొచ్చినవాళ్లకు, వేడివేడిగా పళ్లెం పెట్టినవాళ్లు. తలుపు మూయనివాళ్లు. వాళ్ల పేర్లు ఏ శంకుస్థాపన ఫలకం మీదా ఉండవు. నేను ఈ ప్రయాణం చేసింది ఆ మాట రాయడానికే.

చీకటి పడ్డాక ముగ్గురం వుడ్‌వర్డ్ మీద నడిచాం. 2016 చివరికి ఊరంతా 65,000 కొత్త ఎల్‌ఈడీ దీపాలు వేశారు. రోడ్డు పట్టపగల్లా ఉంది. హడ్సన్ డిపార్ట్‌మెంట్ స్టోరు ఉన్న చోట, 1998 అక్టోబరులో పేల్చి కూల్చిన ఆ చోటే, ఇప్పుడు 681 అడుగుల కొత్త మేడ లేచింది. క్యాంపస్ మార్షియస్‌లో పిల్లలు పరుగెడుతున్నారు. 2024 ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఎంపిక వేడుక ఈ చుట్టుపక్కలే జరిగితే ఏడున్నర లక్షల మందికి పైగా వచ్చారట. ఆ తరవాతి నెలలోనే ఇంకో వార్త వచ్చింది. జనాభా లెక్కల శాఖ అంచనాలో డెట్రాయిట్ జనాభా పెరిగింది. 1957 తరవాత పెరగడం అదే మొదటిసారి.

లఫాయెట్‌లో మాకు బల్ల దొరకడానికి పది నిమిషాలు పట్టింది. సర్వరు మోచేతి నుంచి అరచేతి దాకా పళ్లేలు పేర్చుకుని, ఒక్కటీ ఒలకకుండా జనం మధ్యలోంచి వచ్చాడు. మరదలు ఇవి తినదు. ఆమెకు వేయించిన బంగాళదుంప ముక్కలు, ఉల్లి తరుగు, మస్టర్డ్ విడిగా ఇచ్చారు. అందులో ఉల్లి అద్దుకుని తింటూ, "బావగారూ, నిమ్మకాయ ఒక చెక్క పిండితే ఇంకా బాగుండేది" అంది. నిజమే. తమ్ముడు నాలుగు తిన్నాడు. ఇరవై మూడేళ్లలో ఇక్కడ అతనికి ఇది మొదటిసారి.

కారు దగ్గరికి వెళ్లాక పార్కింగు రుసుము చూసి ముగ్గురం ఆగిపోయాం. మేం ముగ్గురం కడుపునిండా తిన్నదానికంటే కారు నిలబెట్టినందుకు ఎక్కువైంది. నా భయం అక్కడే ఉంది. ఊరు పాడైన రోజుల్లో అద్దె తక్కువ కాబట్టి చవక తిండి నిలిచింది. ఊరు బాగుపడ్డాక నేల ఖరీదు పెరుగుతుంది. వంతెన వచ్చి మా నాన్న హోటలు పోయింది. మేడలు వచ్చి ఈ కౌంటరు పోకూడదు. తాళాల గుత్తి ఉన్న మనిషి, సూటు వేసుకున్న మనిషి పక్కపక్కన కూర్చునే చోటు డౌన్‌టౌన్‌లో ఇంకెన్ని ఉన్నాయో నేను వెతికాను. మూడు రోజుల్లో నాకు కనిపించినవి గ్రంథాలయం, ట్రాము, ఈ రెండు కొట్లు.

నాలుగో రోజు, ఆదివారం

పొద్దున కళామందిరం. డియేగో రివేరా 1932, 1933లలో వేసిన 27 కుడ్యచిత్రాలున్న హాలు చూడకుండా ఊరు వదలకూడదని తమ్ముడు పట్టుబట్టాడు. డబ్బు ఇచ్చింది హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్. చిత్రించింది రూజ్ కార్ల ఫ్యాక్టరీ, అందులో చెమటోడ్చే మనుషులు. దివాలా సమయంలో అప్పులవాళ్ల కన్ను ఈ మ్యూజియం బొమ్మల మీద పడింది. దాతృత్వ సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చి, బొమ్మలనూ కాపాడారు, నగర ఉద్యోగుల పింఛన్లకు పడే కోతనూ తగ్గించారు.

పెద్ద గోడల మీద యంత్రాలు, ఇనుము, అరుపులు వినిపించేటంత కదలిక. జనం అంతా వాటినే చూస్తున్నారు. వాటి కింద కొన్ని చిన్న పలకలు ఉన్నాయి. రంగు లేదు, బూడిద రంగులోనే గీశాడు. కార్మికుడి ఒక రోజు. హాజరు గడియారంలో కార్డు వేయడం, పని, మధ్యాహ్నం తిండికి ఆగడం, జీతం, ఇంటిదారి. తిండికి ఆగిన పలక ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఇంత ఫ్యాక్టరీ గీసినవాడు ఆ తిండి వేళను మరచిపోలేదు. మా నాన్నకు బొమ్మల గురించి ఏమీ తెలియదు కానీ ఈ పలక చూస్తే ఆగేవారు.

ట్రామెక్కి కిందికి వచ్చేసరికి రెండైంది. లఫాయెట్‌లో కౌంటరు దగ్గర ఒక్క స్టూలే ఖాళీగా ఉంది. తిని, దారికి మరో రెండు కట్టించుకున్నాను. వంటతను తెల్ల కాగితంలో ఒక్కో కోనీని చుట్టి, చివరలు లోపలికి మడిచి సంచిలో పెట్టాడు. చికాగో దాకా వెళ్తున్నానంటే చల్లారకముందే తినమన్నాడు. తమ్ముడు తనకూ ఆరు కట్టించుకున్నాడు, పిల్లలకట.

సాయంత్రం రైలు చిన్న స్టేషను నుంచే బయలుదేరింది. డియర్‌బోర్న్, యాన్ ఆర్బర్ దాటేసరికి చీకటి పడింది. సంచిలోంచి ఉల్లి వాసన పెట్టె అంతా పాకింది. ఎదుటి సీటులో ఉన్న విద్యార్థిని ఆ వాసన పట్టి, "అమెరికనా, లఫాయెట్టా?" అని అడిగింది. లఫాయెట్ అన్నాను. తల ఊపి మళ్లీ పుస్తకంలోకి వెళ్లింది.

జాక్సన్‌లో రైలు ఆగింది. స్టేషను బయట వీధి దీపాల కింద ఎవరూ లేరు. ఒడిలో పొట్లం విప్పాను. బన్ను కాగితానికి అతుక్కుంది, చిల్లీ చల్లారింది. సాసేజ్ కొరికితే పంటి కింద ఇంకా టప్పుమంది.